మినెర్వ్‌లో ద్రాక్ష కోతలు

మేడ్చల్ దగ్గర మా నాన్న ద్రాక్ష తోట ఎండిపోయాక, మళ్లీ ద్రాక్ష గుత్తి మీద చెయ్యి వేస్తానని అనుకోలేదు. 2010 సెప్టెంబర్‌లో వేశాను, దక్షిణ ఫ్రాన్స్‌లో మినెర్వ్ అనే చిన్న ఊళ్లో. ఆ ఊరి గురించి రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను. ఇప్పుడు కూడా రాయకపోతే ఇంకెప్పటికీ రాయనేమో అనిపించి కూర్చున్నాను.

అప్పుడు మోంపెల్యేలో మాస్టర్స్ చదువుతున్నాను. స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లు అక్కడ ఏడాదికి 964 గంటల దాకా పని చేసుకోవచ్చు. సెలవుల చివర చేతిలో డబ్బులు అయిపోయి టెన్షన్ పడుతుంటే, క్లాస్‌లో ఒకబ్బాయి ద్రాక్ష కోతలకి వస్తావా అని అడిగాడు. వాళ్ల బంధువుల తోటేనట. గంటకి 8.86 యూరోలు, అంటే జీతంలోంచి పట్టుకునేవి పోకముందు లెక్కన అప్పటి కనీస వేతనం. పడుకోవడానికి గది, మధ్యాహ్నం భోజనం వాళ్లదే. మారు మాట లేకుండా బయల్దేరాను.

బెజియే దాకా రైలు, అక్కణ్ణుంచి రైతు కారు. మొదట్లో అంతా మైదానం, రోడ్డుకి అటూ ఇటూ ద్రాక్ష తోటలే. కొంత దూరం పోయాక నేల పైకి లేస్తుంది. తోటలు పలచబడి తెల్లటి సున్నపురాయి, పొట్టి ఓక్ చెట్లు, రోజ్‌మేరీ, థైమ్ పొదలు మొదలవుతాయి. ఆ పొదల అడవిని గారీగ్ అంటారు. కారు అద్దం దించితే చాలు, ఎండకి కాగిన ఆకుల ఘాటు లోపలికి వచ్చేస్తుంది. ఒక మలుపు తిరిగాక ఉన్నట్టుండి కింద పెద్ద లోయ, లోయ మధ్యలో రాతిగుట్ట, గుట్ట మీద ఇళ్లు. ఇళ్ల గోడలూ రాయీ ఒకటే రంగు కాబట్టి గుట్ట ఎక్కడ ఆగిందో, ఊరు ఎక్కడ మొదలైందో చప్పున తెలియలేదు.

సెస్, బ్రియాన్ అని రెండు ఏళ్లు రెండు వైపుల నుంచి రాయిని లోతుగా కోసుకుంటూ వచ్చి అక్కడ కలుస్తాయి. వాటి మధ్య మిగిలిన గుట్టే మినెర్వ్. వెనకవైపు సన్నటి నేలపట్టీ ఒక్కటే దాన్ని పీఠభూమికి కలుపుతుంది. పాత కోట ఉన్నది అక్కడే. ఇప్పుడు దాంట్లో పొడవాటి గోడ ముక్క ఒకటి మిగిలింది, కాందెలా అంటారు. ఎండాకాలం సెస్ ఏట్లో చుక్క నీరుండదు. ఎగువనే సున్నపురాయి చీలికల్లోకి దిగిపోయి భూమి లోపల్నుంచి పోతుంది. ఎండిన ఏట్లో గులకరాళ్ల మీద నడుచుకుంటూ వెళ్తే, ఏరు ఒకప్పుడు కొండని తొలుచుకుని చేసిన సొరంగం వస్తుంది. అవతలి చివర వెలుతురు కనిపిస్తూనే ఉంటుంది, లోపల మాత్రం చీకటి, చల్లదనం. పని లేని ఆదివారాలు మధ్యాహ్నం అక్కడే గడిపేవాణ్ణి.

ఇక తోట. మేడ్చల్, శామీర్‌పేట వైపు పెరిగినవాళ్లకి ద్రాక్ష అంటే పందిరి. రాతి కడీలు పాతి, తీగలు అల్లి, దాని మీదికి తీగె పాకిస్తాం. కింద నిలబడి, తల పైకెత్తి గుత్తులు చూడాలి. మాది అనాబ్-ఎ-షాహి రకం. పెద్ద పెద్ద గుత్తులు, లేత పసుపు పండు. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి కత్తిరింపు, ఫిబ్రవరి నుంచి కోత. పెట్టెలు కట్టి కొత్తపేట పండ్ల మార్కెట్‌కి వేసేవాళ్లం.

మినెర్వ్‌లో నేను చూసినవి అసలు ద్రాక్షేనా అనిపించింది. పందిరి లేదు, తీగల ఊతం కూడా లేదు. మోకాలెత్తు మొద్దులు, నల్లగా వంకర్లు తిరిగి, ఒక్కోటీ తన కాళ్ల మీద తను నిలబడి ఉన్నాయి. రకం పేరు కారిన్యాన్, వైన్ చేసే ద్రాక్ష. ఆ చెక్కని, అంటే ఆ తోట ముక్కని, తోట రైతు పెద్దాయన వాళ్ల తాత నాటాడట. నేల చూస్తే మట్టి కంటే రాళ్లే ఎక్కువ. చెట్టుకి నాలుగైదు గుత్తులే. అవి కూడా చిన్నవి. మా పందిరి మీద అయితే ఒక్క కొమ్మకే అన్ని వచ్చేవి.

పొద్దున ఏడింటికల్లా సాళ్లలో ఉండాలి. సాలుకి ఇద్దరు, చెట్టుకి అటొకరు ఇటొకరు. ఎడం చేత్తో ఆకు తప్పించి గుత్తి పట్టుకోవడం, కుడి చేత్తో సికేటర్, అంటే కొమ్మల కత్తెర, పెట్టి కాడ కత్తిరించడం, బకెట్లో వేయడం. బకెట్ నిండితే కేకేయాలి. వీపుకి పెద్ద బుట్ట తగిలించుకున్న మనిషి వచ్చి ముందుకి వంగుతాడు, మనం బకెట్ ఎత్తి అందులో పోస్తాం, అతను పోయి ట్రాక్టర్ ట్రాలీలో కుమ్మరిస్తాడు. మంచు తడికి మొదటి గంటసేపు వేళ్లు కొయ్యబారతాయి. పదింటికి ఎండ వస్తుంది, రసం చేతుల మీద ఆరి జిగురవుతుంది, కందిరీగలు చుట్టుకుంటాయి. మా తోటలో మెడ నొప్పి వచ్చేది, ఇక్కడ నడుం. సాయంత్రానికి వంగినవాణ్ణి లేవాలంటే చేతులు మోకాళ్ల మీద ఆనించి మెల్లగా లేవాల్సిందే.

అప్పటికే చుట్టుపక్కల చాలా తోటల్లో మిషన్లే కోస్తున్నాయి. కారిన్యాన్‌కి మాత్రం చెయ్యి కావాలి. దాన్ని గుత్తులు చితక్కుండా, కాడలతో సహా తొట్టిలో వేసి మూత వేస్తారు. పండు లోపలే పులియడం మొదలవుతుంది, దాంతో ఆ రకానికి పుట్టుకతో ఉన్న వగరు తగ్గుతుంది. మిషన్ కొమ్మని కుదిపి పళ్లు విడివిడిగా రాలుస్తుంది, గుత్తి దక్కదు. ఇదంతా పెద్దాయన నాకు సాలు మధ్యలో నిలబెట్టి చెప్పాడు. ఆయన పెద్ద చదువులు చదవలేదు. అయినా ఆయన చెప్పినంత తేటగా మా ప్రొఫెసర్లలో కూడా చాలామంది చెప్పలేదు, ఇది నిజంగానే అంటున్నాను.

మూడో రోజో నాలుగో రోజో పనిముట్లు పెట్టే పాత షెడ్డులోకి వెళ్లాను. వెనక గోడ కింది సగమంతా నీలం. రంగు వేసినట్టు సమంగా లేదు, చారలు చారలుగా, పొరలు పొరలుగా, ఎన్నో ఏళ్లు చిందీ చిందీ గట్టిపడ్డ నీలం. చూడగానే తెలిసిపోయింది. బోర్డో మిశ్రమం. మైలుతుత్తం ఒక తొట్టిలో, సున్నం ఒక తొట్టిలో కలిపి, రెండూ ఒకటి చేసి బూజు తెగులుకి కొడతాం. వానలు పట్టిన ఏడు మా నాన్న గోళ్ల చుట్టూ ఆ నీలం వారాల తరబడి పోయేది కాదు. అన్నం కలుపుకునేటప్పుడు అమ్మ కోప్పడేది. మందు పుట్టింది ఈ దేశంలోనే, 1880ల్లో, బోర్డో తోటల్లో. ఆ మాట పుస్తకంలో చదివి ఉన్నాను. ఆ గోడ ముందు నిలబడ్డప్పుడు అది వేరేగా తెలిసింది. పెద్దాయన్ని పిలిచి, మా నాన్న కూడా ఇదే కొట్టేవాడని చెప్పాను. ఆయన నన్ను అప్పటిదాకా కూలీకి వచ్చిన స్టూడెంట్‌గా చూశాడు. ఆ రోజు నుంచి తోటల సంగతి అడగడం మొదలుపెట్టాడు. నీళ్లెలా పెడతారు, ఎన్ని కోతలు, ధరెంత, అన్నీ.

నీళ్ల దగ్గరే నా గొంతు పట్టేసింది. మా తోట పోయింది నీళ్లు లేక. మొదటి బోరు తగ్గితే రెండోది వేయించాం, అది ఎండితే ఇంకా లోతుకి మూడోది. చివరి బోరులో దుమ్మే వచ్చింది. కడీలు అమ్మేశాం, తర్వాత భూమి కూడా. ఇప్పుడక్కడ వెంచర్. ఆయన అంతా విని, సాయంత్రం నడుద్దాం రమ్మని ఊరి కిందికి తీసుకెళ్లాడు.

కొండ అడుగున, ఏటి పక్కన పాత బావి ఉంది. 1210లో ఊరి ప్రాణం ఆ బావి మీదే ఉండేదట. ఆ కాలంలో ఈ ప్రాంతమంతా కతార్లు అనేవాళ్లుండేవాళ్లు. క్రైస్తవులే గానీ రోమ్ చర్చిని ఒప్పుకోనివాళ్లు. వాళ్లలో దీక్ష తీసుకున్న ఆడా మగా మాంసం ముట్టరు, గుడ్డు, పాలు కూడా ముట్టరు, జంతువుని చంపరు. విముక్తి దొరికేదాకా ఆత్మ ఒక ఒంటి నుంచి ఇంకో ఒంటికి పోతూనే ఉంటుందని నమ్మేవాళ్లు. ఇది విన్నప్పుడు నేను ఆగి మళ్లీ అడిగాను. మా అమ్మమ్మ నోట విన్న మాటల్లాంటివే, అంత దూరంలో, ఎనిమిది వందల ఏళ్ల కింద!

పోప్ మూడో ఇన్నోసెంట్ వాళ్ల మీద యుద్ధం ప్రకటించాడు. 1209 జులై 22న బెజియేలో ఊరు ఊరంతా ఊచకోత. అక్కణ్ణుంచి పారిపోయినవాళ్లు కొందరు మినెర్వ్ చేరారు. మరుసటేడు జూన్‌లో పోప్ పక్షం సేనాని సిమోన్ ద మోన్‌ఫోర్ సైన్యంతో వచ్చి లోయ అవతలి గట్ల మీద రాళ్లు విసిరే యంత్రాలు నిలబెట్టాడు. అన్నిటికంటే పెద్దదాన్ని బావి వైపు గురిపెట్టారు. బావికి దిగే దారి పగలగొట్టారు. నడి వేసవి, ఏట్లో నీళ్లు లేవు, కోటలో జనం నిండి ఉన్నారు. దాదాపు ఏడు వారాలు ఓర్చుకున్నారు. బెజియే ఘోరం జరిగి సరిగ్గా ఏడాది నిండిన రోజునే, 1210 జులై 22న, మినెర్వ్ లొంగిపోయింది. నమ్మకం వదిలేస్తే ప్రాణం దక్కుతుందని చెప్పారు. సుమారు 140 మంది వదల్లేదు. వాళ్లని తగలబెట్టారు.

ఊళ్లో చర్చి పక్కన వాళ్ల గుర్తుగా ఒక నిలువు రాయి ఉంది. జాన్ లుక్ సెవెరాక్ అనే శిల్పి చెక్కింది. రాయిలో పావురం ఆకారం తొలిచాడు, పావురం ఉండాల్సిన చోట ఖాళీ, అందులోంచి ఆకాశం కనిపిస్తుంది. పెద్ద విగ్రహాలు చాలా చూశాను, అంత చిన్న రాయి ముందు నిలబడ్డంతసేపు దేని ముందూ నిలబడలేదు. పక్కనున్న చర్చి ఇంకా పాతది. లోపల పాలరాతి బల్ల మీద 5వ శతాబ్దం నాటి చెక్కుడు రాతలున్నాయి.

వేసవిలో టూరిస్టులు బాగా వస్తారు. ఫ్రాన్స్‌లో అందమైన గ్రామాల జాబితాలో ఈ ఊరు కూడా ఉంది. కార్లు బయటే ఆపాలి. వంతెన మీద ఫోటోలు, ఐస్‌క్రీమ్, గంటలో వెళ్లిపోతారు. వాళ్లని తప్పు పట్టను, నేను కూడా ఎన్నో ఊళ్లు అలాగే చూశాను. కాని ఆ ఊరి అసలు బతుకు గుట్ట మీద లేదు, పైన పీఠభూమి మీద రాళ్ల మధ్య తోటల్లో ఉంది. అక్కడికి ఎవరూ ఎక్కరు.

సాయంత్రం అయ్యేసరికి ఊరు ఊరివాళ్లకి మిగులుతుంది. మొత్తం కలిపి వంద, నూట ఇరవై మంది. అంత చిన్న ఊరికి కూడా సొంత మేయరు, మేయరాఫీసు, మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు చెక్కిన రాయి. ఫ్రాన్స్‌లో ఇలాంటి కమ్యూన్లు దాదాపు 35 వేలు ఉన్నాయి. మన గ్రామ పంచాయతీ లాంటిదే, కాకపోతే 2019కి ముందు పారిస్ కూడా ఒక కమ్యూనే, మినెర్వ్ కూడా ఒక కమ్యూనే, చట్టంలో రెండిటికీ అదే పేరు ఉండేది. జనాభా వంద నుంచి ఐదు వందల లోపు ఉంటే 11 మంది కౌన్సిలర్లు. అంటే ఇంచుమించు ఇంటికొకరు ఎప్పుడో ఒకప్పుడు కౌన్సిల్లో కూర్చున్నవాళ్లే. అప్పట్లో చిన్న ఊళ్లలో ఓటరు బ్యాలెట్ మీద నచ్చని పేరు కొట్టేసి వెయ్యొచ్చు. ఎవరి పేరు ఎన్నిసార్లు కొట్టేశారో మర్నాటికల్లా ఊరందరికీ తెలిసిపోయేదని పెద్దాయన భార్య చెప్పింది. ఆవిడ రెండుసార్లు కౌన్సిలరు.

మంగళవారం ఒలోంజాక్ సంత. కూరలు, మేక చీజ్, ఆలివ్‌లు, తేనె అక్కణ్ణుంచే. కోతల మధ్యలో కూడా ఆవిడ ఆ సంత మానేది కాదు. నాకోసం ఎండుమిరపకాయలు వెతికి తెచ్చింది. మధ్యాహ్నం భోజనం ఒక్కో రోజు ఇంట్లో, ఒక్కో రోజు తోటలోనే. నిరుడు కత్తిరించిన ద్రాక్ష కొమ్మల్ని కట్టలు కట్టి ఆరబెట్టి ఉంచుతారు. వాటితో మంట వేస్తే భగ్గున మండి ఐదు నిమిషాల్లో నిప్పులవుతాయి. ఆ నిప్పుల మీద సాసేజ్‌లు, గొర్రె మాంసం ముక్కలు కాలుస్తారు. కొమ్మల పొగ మాంసానికి పట్టి ఆ రుచే వేరు. మా ఇంట్లో ఆ పుల్లలు నీళ్లు కాచుకునే పొయ్యి కిందికి పోయేవి. నాటుకోడిని వాటి మీద కాల్చి ఉంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

గాలి గురించి చెప్పకుండా ఆ ఊరి సంగతి పూర్తి కాదు. పడమటి నుంచి వచ్చేది సెర్స్, పొడిగాలి. అది వీస్తే ఆకాశం అద్దంలా ఉంటుంది, ఆకుల తడి ఆరిపోతుంది, రైతు మొహం వెలుగుతుంది. సముద్రం వైపు నుంచి వచ్చేది తేమగాలి. అది రెండు రోజులు నిలిచిందంటే గుత్తులకి కుళ్లు పడుతుందని పెద్దాయనకి నిద్ర ఉండదు. కోతల మధ్యలో ఒకసారి తేమగాలి పట్టింది. ఆ రెండు రోజులూ ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడలేదు. గాలి మారిన పొద్దున ఆయన నా గది తలుపు కొట్టి, "అబ్బాయ్, లే, సెర్స్ వచ్చింది" అన్నాడు. చీకట్లోనే పరిగెత్తాం.

సరుకు కోఆపరేటివ్‌కి తోలినప్పుడు ఒకసారి ట్రాక్టర్ మీద నేను కూడా వెళ్లాను. ట్రాలీ తూకం వేస్తారు, రసం తీసి తీపి ఎంతుందో చూస్తారు, ఆ రెండు అంకెల మీదే రైతు ఏడాది కష్టం తేలుతుంది. కొత్తపేటలో ఏజెంట్ తువ్వాలు కింద చేతులు కలిపి ధర తేల్చే రోజులు చూసిన నాకు అది గొప్పగా కనిపించింది. ఆయన నవ్వి, ఇది ఊరికే రాలేదు అని 1907 సంగతి చెప్పాడు.

ఆ ఏళ్లలో ఇక్కడి వైన్ ధర పాతాళానికి పడిపోయింది. పంట మరీ ఎక్కువ, దానికి తోడు చక్కెర కలిపి తయారుచేసే దొంగ సరుకు. దగ్గర్లోని అర్జెలియే ఊళ్లో మార్సెలాన్ ఆల్బేర్ అనే చిన్న కెఫే యజమాని, తను కూడా ద్రాక్ష రైతే, 1907 మార్చి 11న 87 మందిని వెంటేసుకుని నార్బోన్ బయల్దేరాడు. తర్వాత ఆదివారం ఆదివారం ఒక్కో పట్నంలో సభ. జూన్ 9న మోంపెల్యేలో ఐదు లక్షల మందికి పైగా వచ్చారు. నేను రోజూ కాఫీ తాగే వీధుల్లోనే! నార్బోన్‌లో సైన్యం కాల్పులు జరిపి జనాన్ని చంపింది. బెజియే వైపు కుర్రాళ్లే ఎక్కువున్న సైన్యంలోని 17వ రెజిమెంట్ తిరగబడి, తుపాకులతో సహా జనం వైపు వచ్చేసింది. ఆల్బేర్ పారిస్ వెళ్లి ప్రధాని క్లెమాన్సోని కలిస్తే, ఆయన తిరుగు ప్రయాణానికి వంద ఫ్రాంకులు చేతిలో పెట్టి ఆ సంగతి పత్రికలకి చెప్పాడు. నాయకుడు అమ్ముడుపోయాడన్నారు. ఆల్బేర్ మళ్లీ కోలుకోలేదు. కాని జూన్ 29న కల్తీని కట్టడి చేసే చట్టం వచ్చింది. పెద్దాయన తాత, ఆ కారిన్యాన్ నాటిన తాతే, బెజియే సభకి నడిచి వెళ్లాడట. చెప్తూ చెప్తూ ఆయన కళ్లు తడిశాయి. నిన్న జరిగినట్టే చెప్పాడు.

చివరి రోజు కోత అయ్యాక పెద్ద భోజనం. పనివాళ్లు, ఇంటివాళ్లు, పక్కింటివాళ్లు అందరూ ఒకే బల్ల దగ్గర. నేను పులిహోర చేశాను, చింతపండు మోంపెల్యే నుంచి తెప్పించి. పెద్దాయన భార్య రెండోసారి పెట్టించుకుంది. వెళ్లేటప్పుడు జీతం చెక్కుతో పాటు ఆయన సికేటర్ కూడా ఇచ్చాడు. ఆ తర్వాత చదువు అయిపోయేదాకా ప్రతి సెప్టెంబర్‌లో వెళ్లాను. హైదరాబాద్ వచ్చేశాక ఫోన్లే.

ఫోన్లలో కబుర్లు ఏటేటా బరువెక్కాయి. వానలు తగ్గాయి. ఎర్ర వైన్ తాగేవాళ్లు తగ్గారు. 2024లో ప్రభుత్వం తోట శాశ్వతంగా పీకేసే రైతుకి హెక్టారుకి 4000 యూరోలు ఇస్తానంది. ఈ దక్షిణాదిలో చాలామంది పీకేశారు. పెద్దాయన దిగువ చెక్క పీకించాడు. ఆ మాట చెప్పినప్పుడు మా కడీలు లారీకెక్కించిన రోజు నాకు గుర్తొచ్చింది, ఆయనకి కూడా గుర్తొచ్చినట్టుంది. "మీ నాన్న ఆ రోజు ఏం చేశాడు" అని అడిగాడు. పొలానికి పోలేదు, ఇంట్లోనే పడుకున్నాడు అన్నాను. "నేను కూడా అంతే" అన్నాడు.

2025 ఆగస్టు 5న పక్కనే కోర్బియేర్ కొండల్లో మంటలు లేచాయి. దాదాపు 16,000 హెక్టార్ల మేర మంట పాకింది. వార్త చూసి వెంటనే ఫోన్ చేశాను. మినెర్వ్ వైపు రాలేదు, పొగ మాత్రం కనిపిస్తోందన్నాడు. ఆయనకి కోపం ఆగడం లేదు. ఒకప్పుడు ఊళ్ల చుట్టూ తోటలుండేవి, తోట దగ్గరికి వచ్చేసరికి మంట నెమ్మదించేది, పీకేసిన చోటల్లా ఎండుగడ్డి పెరిగింది, గడ్డి పట్టుకుని మంట ఊళ్లోకి వస్తోంది అన్నాడు. తోటకి పండు ధర కట్టారు గానీ ఈ కాపలాకి ఎవరూ కట్టలేదని ఆయన బాధ. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజమని నా నమ్మకం. మా మేడ్చల్ తోటలు పోయినప్పుడు నీడ, కూలి, చెరువు కింద తడి, ఎన్నో పోయాయి. వాటిని ఎవరూ లెక్కెయ్యలేదు.

కారిన్యాన్ చెక్క మాత్రం అమ్మడు, పీకడు. ఇప్పుడు దాన్ని మనవరాలు చూసుకుంటోంది. మొన్న ఆ అమ్మాయే ఫోన్ చేసింది. చేత్తో కోసేవాళ్లు దొరకడం కష్టంగా ఉందట, వస్తావా అంకుల్ అని అడిగింది. ఈసారి మా అబ్బాయిని కూడా తీసుకొస్తానని చెప్పాను. వాడికి నడుం వంచడం నేర్పాలి. సెప్టెంబర్ మూడో వారానికి పండు సిద్ధమవుతుందని, అంతకు రెండు రోజుల ముందే రమ్మని పెద్దాయన భార్య వెనకనుంచి కేకేసింది. ఆఫీసులో లీవ్ పెట్టేశాను.